డిక్కీ బయట జత చెప్పులు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది. ఒక పెద్దాయనను నా కారు డిక్కీలో ఉంచి మూత వేశాను. తాళంచెవి నా జేబులో ఉంది. ఫోను మోగింది. మాట్లాడుకుంటూ సందు చివరి కాఫీ కొట్టు దాకా వెళ్ళిపోయాను. ఆ ఫోను ముప్పై నాలుగు నిమిషాలు సాగింది. ఇది నేను ఊహించి చెప్పే లెక్క కాదు, ఫోనులోనే నమోదైంది. చాలా రోజుల దాకా ఆ వరసను చెరపలేదు. అప్పుడప్పుడు తీసి చూసుకునేవాణ్ణి.

ఆయన తనంతట తానే డిక్కీలోకి ఎక్కాడు. అది ఆయన పని పద్ధతి. దాని గురించి చెప్పాలంటే నేను ఆయన దగ్గరికి ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి.

నా ఉద్యోగం ఎలక్ట్రానిక్ సిటీలో. ఇల్లు మారతహళ్ళిలో. రోజుకు మూడు గంటలు కారులో కూర్చుంటాను. నడుపుతాను అనలేను, కూర్చుంటాను. ముందు బస్సు, వెనక ట్యాంకరు, పక్కన గోడ. ఆ మూడు గంటల్లో నాకంటూ ఏదైనా ఉండాలనిపించింది. కడుపులోకి దిగే మోత వినాలనిపించింది. అందుకు సబ్‌వూఫర్ కావాలి. మామూలుగా దాన్ని పెద్ద చెక్కపెట్టెలో బిగించి డిక్కీలో పెడతారు. పెట్టె పెడితే డిక్కీ నిండిపోతుంది. మా అపార్టుమెంటులో ఎండాకాలం బోరు ఎండిపోతే నీళ్ళ క్యాన్లు తెచ్చుకునేది ఆ డిక్కీలోనే. "ట్యాంకరు రాని రోజు నీ పాట తాగుదామా?" అని అడిగింది నా భార్య. కాబట్టి పెట్టె లేకుండా బిగించాలి. నాలుగు దుకాణాల్లో కుదరదన్నారు. అయిదో అతను, బళేపేట వెనకసందులో ఒక పెద్దాయన ఉన్నాడు, ఆయనొక్కడే చేస్తాడు అన్నాడు.

ఆయన పేరు నేను ఇక్కడ రాయను. రాయడానికి ఆయన అనుమతి తీసుకోలేదు.

దుకాణం పది అడుగుల వెడల్పు ఉంటుంది. ముందు భాగంలో సీటు కవర్లు, హారన్లు, అద్దాలకు అతికించే నల్ల కాగితాలు. గల్లాపెట్టె దగ్గర ఆయన కూతురు. నలభై ఏళ్ళుంటాయి. అమ్మకాలన్నీ ఆమె చూసుకునేది. ఆయనది బయట, మెట్ల పక్కన ఒక చెక్క బల్ల. డెబ్భై దాటిన మనిషి, సన్నటి ఒళ్ళు, చెవి మీద పెన్సిలు ఉండాల్సిన చోట దర్జీలు వాడే నీలం సుద్దముక్క. వాళ్ళ తాతల కాలంలోనే హిందూపురం వైపు నుంచి వచ్చారట. ఆయన తెలుగులో ఆ ఊరి వాసన పోలేదు, మధ్యమధ్య కన్నడం కలిసేది.

నేను ఆన్‌లైన్‌లో కొన్న స్పీకరూ ఆంప్లిఫయరూ పట్టుకెళ్ళాను. ఆయన బల్ల మీద పాత తువ్వాలు పరిచి, స్పీకరును దాని మీద వెల్లకిలా పెట్టాడు. నాలుగు వేళ్ళు దూరదూరంగా విప్పి, మధ్యలో గరాటులా ఉండే కోను మీద సమానంగా ఆనించి, మెల్లగా నొక్కాడు. వదిలాడు. మళ్ళీ నొక్కాడు. ఒక్క వేలితో ఎప్పుడూ నొక్కేవాడు కాదు. ఒక పక్కకు ఒరిగితే లోపలి తీగచుట్ట రాసుకుంటుందట. తర్వాత మొహం దగ్గరికి తెచ్చి వాసన చూశాడు. కాలిన తీగచుట్ట వాసన దాగదని అనేవాడు.

"బిగువుగా ఉండాదప్పా. పెట్టె లేకున్నా బతుకుతుంది," అన్నాడు.

ఆంప్లిఫయరు అట్ట మీద పెద్ద అక్షరాలతో దాని బలం ఎన్ని వాట్లో చెప్పే సంఖ్య ఉంది. నేను దాన్ని చూసే కొన్నాను. ఆయన దాన్ని చదివి నవ్వాడు.

"ఇది పెండ్లిలో మేనమామ వేసే కేకప్పా. ఒక్కసారి వేస్తాడు, మళ్ళా తెల్లారేదాకా గొంతుండదు. పొద్దున్నించి సాయంత్రం దాకా మాట్లాడే గొంతు ఎంతో అది చూడాల."

ఆ గొంతు లెక్క ఆంప్లిఫయరు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. భూతద్దం పెట్టి చదివాడు. అది కూడా నా స్పీకరు మోయగలిగిన దానికి రెట్టింపు ఉంది. ఇది వద్దు, చిన్నది తెమ్మన్నాడు. ఎక్కువ బలముంటే మంచిదే కదా అన్నాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. పెట్టెలో బిగించిన స్పీకరుకు పెట్టెలోని గాలి దిండులా పనిచేస్తుంది. కోను వెనక్కి వస్తే ఆపుతుంది, ముందుకు పోతే వెనక్కి గుంజుతుంది. పెట్టె లేని స్పీకరుకు ఆ దిండు లేదు. దాని ఒంటి బిగువే దానికి దిక్కు. దానికి శక్తికి మించిన ఆంప్లిఫయరు కడితే ఊగి ఊగి ఒకనాటికి చిరిగిపోతుంది.

నేను ఒప్పుకోలేదు. నేను ఇంజినీరునండీ అన్నాను. ఈ మాట ఎందుకన్నానో ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"నువ్వు ఇంజినీరే అప్పా. ఆ సంగతి పాపం దానికి తెలీదే," అన్నాడు స్పీకరును చూపిస్తూ.

గల్లాపెట్టె దగ్గర కూతురు నవ్వు ఆపుకుంది. ముందు స్పీకరు బిగించండి, ఆంప్లిఫయరు సంగతి తర్వాత చూద్దాం అన్నాను. ఆయన సరేనన్నాడు. బిగింపు పని చిన్నది కాదు, ఆదివారాలు రమ్మన్నాడు. ఆదివారమైతే ఆ సందులో కారు ఆపే చోటు దొరుకుతుంది.

రెండు ఆదివారాలు ఆయన పని చూశాను. వెనక సీటుకూ డిక్కీకీ మధ్య ఉండే ఖాళీని అట్ట మీద గీసుకొని, అంగుళం మందం చెక్కను సరిగ్గా ఆ ఆకారానికి కోసి, దాని మధ్య స్పీకరు బిగించాడు. స్పీకరు మొహం మనుషులు కూర్చునే వైపు, వీపు డిక్కీ వైపు. డిక్కీయే దానికి పెట్టె. ఇందులో ప్రాణమంతా ఒక్క విషయంలో ఉంది. ముందు గాలి, వెనక గాలి కలవకూడదు. కోను గాలిని ముందుకు నెట్టేటప్పుడే వెనక గాలిని లాగుతుంది. మధ్యలో ఎక్కడన్నా సందు ఉంటే రెండూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. "ఒకడు కడవతో పోస్తాంటే ఇంకొకడు ఆడనే చెంబుతో తోడేస్తాండేట్టు. ఇంక నిండేదెప్పుడు?" అనేవాడు.

ఆ సందులు వెతకడానికే ఆయన డిక్కీలోకి ఎక్కేది. కారు లోపల ఒక గట్టి లైటు వేలాడదీసేవాడు. అద్దాలన్నీ పైకెత్తించేవాడు. తర్వాత చెప్పులు విడిచి, బంపరు వెనక నేల మీద జతగా పెట్టేవాడు. ఒకరి బండిలోకి చెప్పులతో ఎట్ల పోతాం అనేవాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకొని, సుద్దముక్క చేత్తో పట్టుకొని, డిక్కీలో పడుకొని మూత వెయ్యమనేవాడు. ఆ చీకట్లో ఎక్కడ వెలుతురు గీత కనిపిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టేవాడు. బయటికొచ్చాక ఆ గుర్తుల మీద మందపాటి తారు పట్టీలు అతికించి, మళ్ళీ ఎక్కేవాడు. టార్చి వేసుకొని వెతకొచ్చు కదా అని అడిగాను.

"టార్చి వేస్తే నువ్వు చూసిన తావే కనపడుతుంది. చీకట్లో సుమ్నే, ఊరికే కూర్చుంటే సందే నిన్ను వెతుక్కుంటా వస్తుంది."

ఇంకో పద్ధతి కూడా ఉండేది. తాళంచెవి ఆయన తీసుకునేవాడు కాదు. కారు ఎవరిదో వాళ్ళ చేతిలోనే ఉంచేవాడు. మూత వేసేముందు ప్రతివాడికీ ఒకటే మాట. "బండి నీది, తాళం నీది. నూరు లెక్కపెట్టి తియ్యి. గట్టిగా లెక్కపెట్టు, నాకు వినపడాల." దశాబ్దాలుగా అట్లాగే చేస్తున్నానని చెప్పాడు. ఒక్కరూ నూరు దాటించలేదని కూడా చెప్పాడు.

నా కారులో మూడుసార్లు ఎక్కాడు. మూడుసార్లూ నేను నూరు లెక్కపెట్టి తీశాను. మూడోసారికి వెలుతురు దాదాపు రావడం లేదన్నాడు. ఇంకొక్కసారి చూస్తే అయిపోతుందని నాలుగోసారి ఎక్కాడు. మధ్యాహ్నం, ఎండాకాలం మొదలు. కూతురు అన్నం తేవడానికి ఇంటికి వెళ్ళింది. పక్క దుకాణంలో కిటికీ గ్రిల్లులు కోసే యంత్రం తిరుగుతోంది. నేను డిక్కీ మీద చెయ్యి పెట్టి గట్టిగా లెక్కపెడుతున్నాను. నలభై అనేసరికి ఫోను మోగింది. మా మేనేజరు.

ముందురోజు మేము విడుదల చేసిన ప్రోగ్రాము చెడిపోయింది. అందులో నా భాగం ఉంది. యంత్రం మోతలో మేనేజరు మాట వినపడక, చెవి మూసుకొని నడిచాను. నడుస్తూనే సారీ చెప్పాను. కాఫీ కొట్టు దాకా సారీ చెప్తూనే ఉన్నాను. అక్కడ నిలబడి కాఫీ కూడా తాగాను. ఇది దాచను. కాఫీ తాగాను.

తిరిగి వస్తుంటే సందు మలుపులో నా కారు కనిపించింది. దాని వెనక నేల మీద జత చెప్పులు. పక్కపక్కన, మడమలు బంపరు వైపు, వేళ్ళు నా వైపు. అవి చూశాక గానీ నాకు గుర్తు రాలేదు.

మీట నొక్కితే డిక్కీ ఒక్క క్షణంలో తెరుచుకుంది. వేడి గాలి మొహానికి కొట్టింది. ఆయన చొక్కా నీళ్ళలో ముంచి తీసినట్టుంది. ఒక మోచెయ్యి చీరుకుపోయింది. చెక్క పక్కన తను అతికించిన పట్టీని అరచేయంత ఊడబెరికి, అక్కడ నోరు పెట్టి గాలి పీలుస్తున్నాడు. పిడికిట్లో నీలం సుద్ద పొడి అయిపోయింది. పట్టుకొని దించాను. బంపరుకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు. అంత బాగా సందులు మూసిన మనిషి, ఆ పనితనం వల్లనే కేక బయటికి వినపడక, లోపల గాలాడక ఉండిపోయాడు.

అప్పుడే కూతురు అన్నం క్యారియరుతో వచ్చింది. తండ్రిని చూసి, క్యారియరు మెట్టు మీద పెట్టి, ఏమైంది అని నన్ను అడిగింది.

"లాక్ ఇరుక్కుందండీ. ఇంతసేపూ తీస్తూనే ఉన్నాను," అన్నాను. అది చాలలేదనిపించింది. "లోపల ఆయన ఏదో పట్టుకొని లాగినట్టున్నారు. దాంతో బిగుసుకుపోయింది."

ఈ రెండో వాక్యం ఎవరూ అడగలేదు. నేనే చేర్చాను.

ఆమె తండ్రి చేతులు పట్టుకొని చూసింది. అవి వణుకుతున్నాయి. "చెప్తానే ఉండాను కదా నాయనా. నీ చేతులు నీ మాట వినేది లేదు," అంది. ఆయన నా మొహం చూశాడు. మంచినీళ్ళు ఇచ్చింది. తాగకుండా ముందు లేచి, డిక్కీలోకి వంగి, ఊడబెరికిన పట్టీని అరచేత్తో రుద్ది మళ్ళీ అతికించాడు. తర్వాత నా చేతిలోని తాళంచెవి అడిగి తీసుకున్నాడు. అదే మొదటిసారి అడగడం. డిక్కీ మూశాడు, తీశాడు. మూశాడు, తీశాడు. ఏడెనిమిదిసార్లు.

"బాగానే ఉండాదే," అన్నాడు మెల్లగా.

నేను కారు అవతలి పక్కకు వెళ్ళి అద్దం తుడుస్తూ నిలబడ్డాను. లాక్ విప్పి చూస్తాను, సాయంత్రం దాకా బండి వదిలిపెట్టు అని కూతురితో చెప్పించాడు. సాయంత్రం వెళ్ళి తెచ్చుకున్నాను. ఆయన కనిపించలేదు, ఇంటికి పంపేశామన్నారు. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. కూతురే నన్ను క్షమించమని అడిగింది. మా నాయన వల్ల మీకు కష్టమైంది సార్ అంది. పరవాలేదండీ అన్నాను.

ఆ వారమే ఆమె వేరే పనివాణ్ణి పెట్టుకుంది. పెద్దాయన పనిముట్ల పెట్టెకు తాళం వేసింది. వయసు మీద పడ్డ మనిషి పొరపాటున ఏ గిరాకీ కారులోనో ప్రాణం పోగొట్టుకుంటే ఎట్లా అన్న భయం. ఆ భయాన్ని ఆమె మనసులో నాటింది నా రెండో వాక్యం. కొత్త పనివాడు నేను చెప్పినట్టే నా పెద్ద ఆంప్లిఫయరు కట్టాడు. నాకు ఎదురు చెప్పలేదు. రెండు నెలలు బ్రహ్మాండంగా మోగింది. రింగురోడ్డు మీద అద్దాలెత్తుకొని ఊగిపోయేవాణ్ణి. మూడో నెలలో ఒకనాడు ట్రాఫిక్‌లో ఉండగా కరకరమని రాపిడి మొదలైంది.

స్పీకరు పట్టుకొని మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాను. ఆయన మెట్ల పక్కన ఒక స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. చెక్క బల్ల లేదు. దాని చోట తయారుగా వచ్చిన స్పీకరు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. చెవి మీద సుద్దముక్క మాత్రం ఉంది. చేతులు రెండూ తొడల మీద బోర్లించి, దారినపోయే కార్లను చూస్తున్నాడు. ప్రతి కారు వెళ్తుంటే తల కొంచెం వంచి వినేవాడు. ఒక కారు లోపల మోత మోగిస్తూ పోయింది. "చుట్టలు తలకిందులుగా కలిపినారు," అన్నాడు, ఎవరితోనో కాదు.

నా చేతిలో స్పీకరు చూసి చెయ్యి చాచాడు. తొడల మీద పెట్టుకొని నాలుగు వేళ్ళతో నొక్కాడు. రాసుకునే చప్పుడు నాకు కూడా వినిపించింది. చెప్పినాను కదా అని అనలేదు. లోపల్నించి కూతురు, "నాయనా, నువ్వు ముట్టుకోవద్దు, మెకానిక్ చూస్తాడు," అంది. ఆయన వెంటనే నాకు ఇచ్చేశాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా ఇచ్చేశాడు.

ఆ స్టూలు మీది మనిషిని చూస్తే నాకు నా కారే గుర్తొచ్చింది. ముందు బస్సు, వెనక ట్యాంకరు, పక్కన గోడ. అయినా చెప్పలేదు. అప్పటికి మూడు నెలల అబద్ధం అది. అంత పాత అబద్ధాన్ని ఎట్లా విప్పాలో తెలియక, బాగున్నారా అని అడిగాను.

"బాగుండకేమి. కూర్చోబెట్టి అన్నం పెడుతాండారు," అన్నాడు.

తర్వాత ఏడాదికి పైగా ఆ వైపు పోలేదు. కారు మూగగానే ఉంది. చివరికి అమ్మేద్దామనుకున్నాను. పాత కార్లు కొనే కంపెనీ మనిషి ఒకడు మా అపార్టుమెంటు కింద కారు చూస్తూ, డిక్కీలో తివాచీ అంచు ఎత్తి, "ఇదేంది సార్?" అన్నాడు.

డిక్కీ లోపలి గోడ వెంబడి, తివాచీ కింద, ఒక సన్నటి నైలాను తాడు. ఒక కొస లాక్ కొక్కేనికి కట్టి ఉంది. రెండో కొసకు ఉచ్చు వేసి, ఉచ్చుకు ఒక నీలం రంగు చెక్కపూస. అతను మూత ఎత్తే ఉంచి, లాక్‌ను వేలితో నొక్కి మూసి, తాడు లాగాడు. లాక్ టక్కున తెరుచుకుంది.

"లోపల ఉన్నోడు తెరుచుకోడానికి. కంపెనీ పెట్టింది కాదు సార్ ఇది. ఎవరో తెలివైనోడు పెట్టినాడు."

నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ రోజు ఆయన లాక్ విప్పి చూశాడు. అందులో ఏ దోషమూ లేదని తెలుసుకున్నాడు. నేను అబద్ధం చెప్పానని తెలుసుకున్నాడు. తెలుసుకొని, ఎవరితోనూ చెప్పకుండా, నా కారులో ఇంకెవరైనా చిక్కుకుంటే బయటపడడానికి తాడు కట్టి ఇచ్చాడు.

కారు అమ్మనని అతన్ని పంపేశాను. మరుసటి ఆదివారం బళేపేట వెళ్ళాను. ఆయన స్టూలు మీదే ఉన్నాడు. ఇంకా సన్నబడ్డాడు. ఎదురుగా నేల మీద కూర్చున్నాను, కళ్ళెత్తకుండా మొత్తం చెప్పాను. ఫోను, కాఫీ, ముప్పై నాలుగు నిమిషాలు, రెండో వాక్యం.

ఆయన చెవి మీది సుద్దముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

"నలభై దాకా వింటి," అన్నాడు. "నలభైయొకటి రాలేదు. నువ్వు సారీ, సారీ అంటా దూరం పోతాంటివి. మొదట నాకే చెప్తాండావనుకుంటి."

అన్నీ తెలిసీ అమ్మాయికి ఎందుకు చెప్పలేదు అని అడిగాను.

"నేను చెప్తే, చేతగాని ముసలోడు గిరాకీ మీద నింద వేసినట్టు అవుతుంది. నీ నోట్లోంచి పోయిన మాట నీ నోట్లోంచే తిరిగి రావాల. వస్తుందని ఈడ కూర్చునింటి." దుకాణం వైపు తల ఊపి, "ఇప్పుడు లోపలికి పో. పాపకు చెప్పు," అన్నాడు.

లోపలికి వెళ్ళి చెప్పాను. ఆమె గల్లాపెట్టె మీద రెండు చేతులూ పెట్టి విన్నది. నన్ను తిడుతుందనుకున్నాను.

"ముప్పై నాలుగు నిమిషాలు మీవి సార్. ఏడాదిన్నర నాది," అంది. "నీ చేతులు మంచివి కావని నేను రోజూ చెప్తాంటి ఆయనకు."

వెనక గదిలోకి పోయి పనిముట్ల పెట్టె తెచ్చింది. తాళం తీసింది. పెట్టెను తండ్రి ముందు పెట్టి, నా వైపు చూడకుండా లోపలికి పోయింది. ఆయన మూత తీసి, మీటరు బయటికి తీసి, తువ్వాలుతో తుడిచాడు. బాటరీ పోయి ఉంది.

వచ్చే ఆదివారం కారు తెమ్మన్నాడు. కొత్త స్పీకరు కొన్నాను. ఆంప్లిఫయరు మాత్రం ఆయన చెప్పినదే తెచ్చాను, చిన్నది, అట్ట మీద గొప్ప సంఖ్య ఏదీ లేనిది. ఆయన స్పీకరు రెండు చుట్టలనూ మీటరుతో కొలిచాడు. ఒక రకంగా కలిపితే ఆంప్లిఫయరు మీద మోయలేని బరువు పడుతుందనీ, ఇంకో రకంగా కలిపితే సరిపోతుందనీ సుద్దతో మెట్టు మీద గీసి చూపించాడు. నేను వింటూ ఉన్నాను. ఇంజినీరునని అనలేదు. ఇద్దరం కలిసి బిగించాం. ఏడాదిన్నర కదలికకు పాత పట్టీలు అక్కడక్కడా లేచిపోయాయి. సందులు మళ్ళీ వెతకాలి. ఆయన డిక్కీ దగ్గరికి వచ్చి, అంచు పట్టుకొని ఒక కాలు ఎత్తబోయాడు. మోకాలు వంగలేదు. స్టూలు మీద కూర్చుని కూర్చుని బిగుసుకుపోయింది.

నేను బూట్లు విప్పి, బంపరు వెనక జతగా పెట్టాను. సుద్దముక్క అడిగి తీసుకున్నాను. తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. ఆయన వద్దనలేదు, ఎక్కమననూ లేదు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకొని పడుకున్నాను. మూత పడింది.

మొదట ఏమీ కనిపించలేదు. రబ్బరు వాసన, తారు వాసన. గుండె చప్పుడు చెక్కకు తగిలి తిరిగొస్తున్నట్టుంది. బయట ఆయన గొంతు గట్టిగా, నెమ్మదిగా లెక్కపెడుతోంది. ఇరవై దగ్గర చెక్క కింది అంచున ఒక వెలుతురు గీత కనిపించింది. గుర్తు పెట్టాను. ముప్పై దగ్గర ఇంకొకటి. నలభై అన్నాడు.

ఆగాడు.

సందులో ఆటో వెళ్ళిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. తాడు నా మోచేతి దగ్గరే ఉంది, పూస చర్మానికి చల్లగా తగులుతోంది. ఎంతసేపో తెలియదు. ఒక నిమిషం కూడా అయివుండదు. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"నలభైయొకటి," అన్నాడు.

నూరుకు తీశాడు. వెలుతురుకు కళ్ళు మూసుకున్నాను. "ఎన్ని ఉండాయప్పా?" అని అడిగాడు. రెండు అన్నాను. సుద్ద గుర్తులు చూసి, అంచు వెంబడి వేలు పోనిచ్చి, మూడుండాయి, ఒకటి వదిలినావు, మళ్ళా ఎక్కు అన్నాడు.

ఆ తర్వాత ఆదివారాలు ఆ దుకాణానికి పోతూ వచ్చాను. మెట్ల పక్కకు చెక్క బల్ల తిరిగొచ్చింది. పెట్టె లేకుండా బిగించమని వచ్చేవాళ్ళు నెలకు ఒకరో ఇద్దరో ఉండేవారు. కొలతలు, కలపడం, ఏ స్పీకరుకు ఏ ఆంప్లిఫయరు అన్నది ఆయన పని. డిక్కీలోకి ఎక్కడం నా పని. ఏ కారుకైనా ముందు తాడు కట్టి, తర్వాతే మనిషి ఎక్కాలన్నది కూతురు పెట్టిన నియమం. లెక్క ఆయనే పెట్టేవాడు. ప్రతిసారీ నలభై దగ్గర ఆగేవాడు. దాని గురించి మేమిద్దరం ఒక్కనాడూ మాట్లాడుకోలేదు.

మొన్న వానలు మొదలైన వారంలో ఆయన పోయాడు. ముందురోజు దాకా బల్ల దగ్గరే ఉన్నాడట. చెవి మీద సుద్దముక్క అట్లాగే ఉండగా నిద్రపోయాడని కూతురు చెప్పింది.

ఒప్పుకున్న కారు ఒకటి మిగిలి ఉంది. పోయిన ఆదివారం వెళ్ళాను. తాళంచెవి ఆమె పట్టుకుంది. ఎక్కేముందు, వాళ్ళ నాయన నలభై దగ్గర ఎందుకు ఆగేవాడో చెప్పాను. అది ఒక్కటే ఆమెకు చెప్పకుండా మిగిలిపోయిన సంగతి. చెప్పులు జతగా పెట్టి ఎక్కాను. మూత వేసింది.

ఆమె కొంచెం వేగంగా లెక్కపెడుతుంది. నలభై దాకా వచ్చి ఆగింది. వాళ్ళ నాయన కంటే ఎక్కువసేపు ఆగింది. నేను తాడు మీద చెయ్యి వెయ్యలేదు.